పది అడుగుల పెరట్లో ముందు మధ్యను కాపాడుకోండి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. విజయవాడ శివారులో, పోరంకి దగ్గర తూర్పు ముఖం ఇల్లు. వెనక, అంటే పడమర వైపు, ఉత్తర దక్షిణాలుగా 22 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఖాళీ. వంటింటి తలుపు అందులోకే తెరుచుకుంటుంది. వాయవ్య మూల సెప్టిక్ ట్యాంకు. దక్షిణాన పొరుగువారి మేడ, పడమటి ప్లాటు ప్రస్తుతానికి ఖాళీ. అత్తగారు సాయంత్రం కూర్చోవడానికి చోటు కావాలి, పిల్లలిద్దరూ ఆడుకోవాలి, నాలుగు కూరగాయలు పండాలి, పూజకు పూలు దొరకాలి, కుదిరితే కాస్త పచ్చగడ్డి పరవాలి. మేస్త్రీ మాత్రం మొత్తం టైల్స్ వేయిస్తే శుభ్రంగా ఉంటుందన్నాడు. ఏం చేయమంటారని అడిగారు.

నేను పాతికేళ్లుగా కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఇళ్లకు పెరటి తోటలు వేసే పనిలో ఉన్నాను. మీరడిగిన వాటిలో గడ్డి ఒక్కటి వదిలేస్తే మిగతావన్నీ ఆ 220 చదరపు అడుగుల్లో హాయిగా పడతాయి. కాకపోతే మధ్యలో ఏదీ నాటకూడదు, ఏదీ పెట్టకూడదు. ఈ ఒక్క మాట మీద గట్టిగా నిలబడితే చాలు.

చిన్న పెరళ్లు పాడయ్యే తీరు దాదాపు ఒకటే. ఆదివారం నర్సరీకి వెళ్తారు, కంటికి నచ్చిన పన్నెండు మొక్కలు తెస్తారు, గోడకు మూడడుగుల ఇవతల ఒక వరసగా నాటేస్తారు. నాటిన రోజు చూడముచ్చటగానే ఉంటుంది. రెండేళ్లకు కొమ్మలు కలుసుకుంటాయి. బట్టలు ఆరేయడానికి వెళ్తే ఆకులు మొహానికి తగులుతాయి, కింద ఏం పాకుతోందో కనిపించదు, దోమలు. ఆ తర్వాత వంటింటి తలుపు మూసే ఉంచుతారు. చోటు సరిపోక కాదు, మనిషి కాలు పెట్టే చోటు కూడా మొక్కకే ఇచ్చేయడం వల్ల అలా అవుతుంది. అందుకే నేను ఎక్కడికి వెళ్లినా ముందు ముగ్గుపిండితో నేల మీద మనుషుల చోటు గీస్తాను. మొక్కలు ఆ గీతకు అవతలే.

అయితే గీత గీసేముందు ఎండ లెక్క చూసుకోవాలి. మీది పడమటి పెరడు. పొద్దున పదకొండు దాటేదాకా మీ ఇంటి నీడే పడుతుంది, ఆ తర్వాత గోడలు కాలిపోయేంత ఎండ. దక్షిణాన మేడ ఉండటం ఇక్కడ ఇంకో ముఖ్యమైన సంగతి. విజయవాడలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చేది ఏడాదిలో రెండుసార్లు, మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఒకసారి. ఆ రెంటి మధ్యా మధ్యాహ్నపు సూర్యుడు కాస్త ఉత్తరానికే ఉంటాడు కాబట్టి ఆ నెలల్లో మీ పెరడంతా ఎండే. డిసెంబరు వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం కూడా దక్షిణానికి వాలిపోయి, ఆకాశంలో 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అప్పుడు 20 అడుగుల మేడ ఉత్తరానికి దాదాపు 17 అడుగుల నీడ వేస్తుంది. ఆ మేడకూ మీ ప్రహరీకీ మధ్య మూడడుగుల సందు ఉందనుకున్నా, మీ పెరట్లో దక్షిణం నుంచి 14 అడుగుల దాకా మధ్యాహ్నపు ఎండ తగలదు. చలికాలంలో బాగా ఎండ పడేది ఉత్తరపు కొసన ఉన్న ఎనిమిది అడుగుల్లోనే. టమాటా, వంగ, చిక్కుడు ఆ కొసకు వెళ్లాలి, కూర్చునే చోటు దక్షిణపు కొసకు రావాలి. ఇది తెలియక ఎక్కువమంది సరిగ్గా తలకిందులుగా వేసుకుంటారు.

మీ సెప్టిక్ ట్యాంకు ఉన్నది కూడా ఆ ఎండ కొసలోనే. దీనికి కంగారు పడనక్కర్లేదు. ట్యాంకు మీద తవ్వడానికి లేదు, చెట్టు నాటడానికి లేదు. సంచులు పెట్టుకోవడానికి మాత్రం అంతకంటే మంచి చోటు లేదు. 15 అంగుళాల వెడల్పు, అంతే ఎత్తు ఉన్న గ్రో బ్యాగులు ఎనిమిది వరకు పడతాయి. తడిసిన మట్టితో ఒక్కో సంచీ 40 కిలోలకు పైనే తూగుతుంది కాబట్టి శ్లాబు మధ్యలో గుంపుగా కాకుండా, అంచుల వెంబడి, కింద గోడ ఉన్న చోట సర్దండి. శ్లాబు పాతదైతే ముందు మేస్త్రీకి చూపించండి. కింద రెండేసి ఇటుకలు పెట్టి ఎత్తితే నీళ్లు ఇంకిపోతాయి, శ్లాబు మీద చెమ్మ నిలవదు.

మూతల మీద మాత్రం ఏమీ పెట్టకండి. ఇది నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్న పాఠం. నా సొంత ఇంట్లో, ఈ పనిలోకి వచ్చిన కొత్తలో, పెరడంతా ఒకే తీరుగా కనిపించాలని ట్యాంకు మూతల మీద కూడా తాండూరు బండలు పరిపించి సిమెంటుతో సందులు పూయించాను. నాలుగేళ్లకు ట్యాంకు నిండింది. లారీ వచ్చి గొట్టం పట్టుకుని నిలబడ్డారు గాని మూత ఎక్కడుందో ఎవరికీ గుర్తులేదు. మూడు చోట్ల గునపంతో పగలగొట్టారు. మూడో చోట మా అమ్మ నాటిన మల్లె ఉంది, దాని మొదలు చీలిపోయింది. మళ్లీ అతకలేదు. అప్పటి నుంచి ఏ ఇంటికి వెళ్లినా ముందు మూతలు కొలిచి, గోడ మీద పెయింటుతో గుర్తు పెట్టించాకే పార పడతాను. బోరు పెరట్లోనే ఉన్నవాళ్లకూ ఇదే చెబుతాను. మోటారు పైకి తీయాలంటే పొడవాటి పైపులు నిలువుగా లేవాలి, కాబట్టి బోరు మీద పందిరి వేయకూడదు.

ఇక మట్టి. ఇక్కడే డబ్బూ ఓపికా ఎక్కువ పెట్టమంటాను. మీ ఇల్లు కట్టి మూడేళ్లే అన్నారు. కొత్త ఇంటి పెరట్లో పైన కనిపించేది మట్టి, ఆరంగుళాల కింద ఉండేది ఇల్లు కట్టగా మిగిలిన చెత్త. ఇటుక ముక్కలు, గట్టిపడిన మాలు, టైల్ పెంకులు, పుట్టీ. సిమెంటు, సున్నం కలిసిన ఆ మట్టిలో నాటిన మొక్క మూడో నెలలోనే చెప్పేస్తుంది. లేత ఆకు పసుపుపచ్చగా వస్తుంది, ఈనెలు మాత్రం పచ్చగా గీతల్లా నిలబడతాయి. జనం ఎరువు చాల్లేదనుకుని ఇంకో రెండు గుప్పెళ్లు వేస్తారు. ఎరువు లోపం కాదది. సున్నం వల్ల మట్టిలోని ఇనుము వేరుకు అందడం లేదు. కాబట్టి మొక్కలు నాటే మేర అడుగున్నర లోతు తవ్వించి, ఆ చెత్తంతా తట్టలకెత్తి బయట పోయించండి. ఈ పని చేయించకుండా ఎంత ఖరీదైన మొక్క తెచ్చినా దండగే.

తవ్వాక ఒక పరీక్ష చేయండి. అడుగు లోతు గుంటలో బకెట్ నీళ్లు పోసి, అవి ఇంకాక మళ్లీ నింపండి. రెండోసారి పోసినవి తెల్లారేసరికి కూడా నిలిచి ఉంటే కింద నల్లమట్టి పట్టేసిందని అర్థం, మీ వైపు ఇది మామూలే. నల్లమట్టి వదులు కావాలని కాస్త ఇసుక కలపమని సలహా ఇస్తుంటారు. కొద్దిపాటి ఇసుకతో అది ఇంకా గట్టిబడుతుంది. దాన్ని అలాగే వదిలేసి, పైన అడుగు ఎత్తు మడి కట్టుకోవడం మేలు. కడప బండను నిలువుగా పాతితే గట్టు అయిపోతుంది, ఇటుక గోడలా చోటు తినదు. మడిలోకి రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు కొబ్బరి పొట్టు, తట్టకు రెండు గుప్పెళ్లు వేపపిండి. ఎరువు చివికిందో లేదో చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది. పేడ వాసన పోయి, తడిసిన నేల వాసన రావాలి, పిడికిట్లో వెచ్చదనం ఉండకూడదు. పచ్చి ఎరువు వేస్తే చెదలు పడతాయి, వేళ్లు మాడతాయి.

ఈ మడిని పడమటి ప్రహరీ వెంబడి, ట్యాంకు అయిపోయిన దగ్గర నుంచి దక్షిణపు గోడ దాకా, రెండడుగుల వెడల్పున ఒకే బద్దీలా వేయించండి. ఇంటి గోడ వైపు ఏమీ వద్దు. నీళ్లు పునాదికి తగిలి లోపలి గోడ చెమ్మెక్కుతుంది. మడి పోగా మీకు ఎనిమిది అడుగుల వెడల్పు ఖాళీ మిగులుతుంది. మనుషుల చోటు అదే.

ఆ ఖాళీలో టైల్స్ వద్దంటాను. పడమటి ఎండకు కాలిన టైలు రాత్రి తొమ్మిదయినా వంటింట్లోకి వేడి కొడుతూనే ఉంటుంది. నీటి లెక్క కూడా చూడండి. 50 మిల్లీమీటర్ల వాన, మనకు ఆగస్టులో ఒక్క సాయంత్రం కురిసేదే, మీ పెరడు ఒక్కదాని మీదే వెయ్యి లీటర్లు పోస్తుంది. టైల్స్ వేస్తే అదంతా ఒకే మోరీలోంచి బయటికి పోవాలి, మోరీకి ఒక్క ఆకు అడ్డం పడితే గడప ఎక్కుతుంది. గరుకు తాండూరు బండలు, పాలిష్ లేనివి, రెండంగుళాల ఇసుక పరిచి దాని మీద వేయించండి. బండకీ బండకీ మధ్య అంగుళంన్నర సందు వదలండి, సిమెంటు పూయకండి. ఇంటి వైపు నుంచి మడి వైపు పది అడుగులకు అంగుళంన్నర వాలు ఉంటే వాన నీరు ఇంటి గోడకు దూరంగా పోతుంది. మీకు పచ్చదనం మీద మనసుంది కదా, ఆ సందుల్లో గరిక వేసుకోండి. గడ్డి పరిచే ముచ్చట అంతవరకే మంచిది. లాన్‌కు రోజంతా ఎండ, రోజూ నీళ్లు, పదిహేను రోజులకోసారి కోత కావాలి. మీ దక్షిణపు సగం చలికాలమంతా నీడలో ఉంటుంది కాబట్టి అక్కడ సంక్రాంతికల్లా బట్టతలలా తేలిపోతుంది. ప్లాస్టిక్ గడ్డి మాట అసలు ఎత్తకండి, మన మే నెలలో పిల్లలు దాని మీద ఉత్త కాళ్లతో నిలబడలేరు.

ఈ పెరట్లో ఇంకుడు గుంత కూడా వద్దు. ఇంకుడు గుంత అంటే నాకు ఎంతో ఇష్టం, కానీ సెప్టిక్ ట్యాంకుకూ పునాదికీ ఇంత దగ్గరగా అది పనికిరాదు. మీ ఇంటి పైనుంచి దిగే వాన నీటి గొట్టాన్ని ఇంటి ముందుకు తిప్పి గుంత అక్కడ తీయించండి.

దక్షిణపు సగంలో పందిరి. ఈ పెరటికి ప్రాణం అదే. వంటింటి తలుపు దాకా వచ్చేట్టు, పది అడుగులకు తొమ్మిది అడుగులు, ఎనిమిది అడుగుల ఎత్తు. పొరుగు మేడ మీద నుంచి చూపు పడకుండా తడిక అవుతుంది, పడమటి ఎండ నుంచి ఇంటి గోడను కాస్తుంది, అత్తగారికి నీడ, వంటింటికి కూర. సర్వి గుంజలు మీ దగ్గర సులువుగా దొరుకుతాయి. నేలలో పాతే రెండడుగుల మేరా తారు పూసి పాతినా మూడేళ్లకు మించి నమ్మకండి, చెదలు వదలవు. ఒకసారే ఖర్చు పెట్టగలిగితే జి.ఐ. పైపులు, అంటే జింకు పూత వేసిన ఇనుప పైపులు, మేలు. పైన అడుగుకో అడుగు గళ్లుగా జి.ఐ. తీగ లాగాలి. రేకులో, గాజు కప్పో వేయాలనే ఆలోచన మాత్రం రానివ్వకండి. సెట్‌బ్యాక్‌లో, అంటే ఇంటి చుట్టూ ఖాళీగా వదలాల్సిన చోట, పక్కా కప్పు వేస్తే మున్సిపాలిటీతో పేచీ, గాలీ పోతుంది.

పందిరి మీదికి ఏం పాకించాలని అడిగితే నా జవాబు ఎప్పుడూ దొండే. ఒక్కసారి నాటితే ఏళ్ల తరబడి ఉంటుంది. గింజతో పని లేదు, పక్కింటి పాదు నుంచి పెన్సిలంత లావు తీగను, నాలుగు కణుపులు ఉండేట్టు కోసి, రెండు కణుపులు మట్టిలో ఉండేట్టు గుచ్చితే చాలు. మృగశిర కార్తెలో నాటితే వినాయక చవితి దాటాక కాయ తెంపుతారు. మీ చోటుకు ఇది ఎందుకు సరిగ్గా సరిపోతుందంటే, ఆ సగంలో ఎండ తగ్గే చలికాలంలోనే దొండ కూడా కాపు తగ్గించి మందగిస్తుంది. అప్పుడు తీగలన్నీ కత్తిరించేస్తే కిందికి వెలుతురు వస్తుంది. ఫాల్గుణం నాటికి మళ్లీ చిగురించి, రోహిణి ఎండలకు పందిరి నిండా కమ్మేస్తుంది. సొర, గుమ్మడి వద్దు, పిల్లలు తిరిగే చోట ఆ బరువు నెత్తి మీద వేలాడకూడదు.

పందిరి కింద, దక్షిణపు గోడకు ఆనించి అరుగు. ఎత్తు 18 అంగుళాలు, కూర్చునే వెడల్పు కూడా అంతే. చాలామంది అడుగు ఎత్తున కట్టి, పెద్దవాళ్లు లేవలేక అవస్థ పడుతుంటే చూస్తారు. అరుగు కొసన చేత్తో పట్టుకోవడానికి ఒక స్టీలు పైపు వంచి పాతించండి, మోకాళ్ల నొప్పులున్న అత్తగారికి అది చాలా సాయం. అరుగు పక్క నీడలో తమలపాకు, పుదీనా, వాము ఆకు, నేలలో పసుపు, అల్లం బాగా వస్తాయి. తమలపాకు తీగకు గరుకు గోడ ఉంటే అదే పట్టుకుని ఎక్కుతుంది. పొద్దున అక్కడ కూర్చుని ఆమె ఆకులు తుంచుకుంటారు.

పడమటి మడిలో చెట్టు ఒక్కటే పెట్టుకోండి. ఒక్కటి అంటే ఒక్కటే, రెండోదానికి మనసు పడకండి. కరివేపాకు ఎలాగూ ఉంటుంది, దాన్ని నడుము ఎత్తులో తుంచుతూ పోతే పొదలా ఉండిపోతుంది కాబట్టి చెట్టు కింద లెక్క కాదు. మునగ కావాలంటారని తెలుసు. పికెఎం–1 రకం పొట్టిగానే ఉంచుకోవచ్చు, కానీ వానాకాలంలో మొదలంతా గొంగళిపురుగులు పట్టి గోడ మీదుగా వంటింట్లోకి వస్తాయి. పిల్లలున్న పదడుగుల పెరట్లో నేను వేయను. నిమ్మకు ముళ్లు. నేనైతే జామ వేస్తాను. జామ కొత్త కొమ్మ మీదే పూస్తుంది, కాబట్టి కాపు అయిన వెంటనే కొమ్మల కొసలు కత్తిరిస్తూ ఆరేడు అడుగుల దగ్గర ఆపినా కాయలకు లోటు ఉండదు, పిల్లల చేతికే అందుతాయి. ఆకు అడుగున తెల్లదోమ పడుతుంది. పైపుతో నీళ్లు గట్టిగా కొట్టి, వారానికోసారి లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు ద్రావణం కలిపి పిచికారీ చేస్తే అదుపులో ఉంటుంది. మిగతా మడిలో నందివర్ధనం, ఒక ముద్దమందారం, ఒక మల్లె. నందివర్ధనం అర్ధనీడలోనూ పూస్తుంది. మల్లెను డిసెంబరు ఆఖరులో ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి, నీళ్లు తగ్గించండి. అలా ఎండగట్టకపోతే ఆకే వస్తుంది, మొగ్గ రాదు.

పడమటి ప్లాటు ఎల్లకాలం ఖాళీగా ఉండదన్నది కూడా మనసులో పెట్టుకోండి. రేపు అక్కడ మేడ లేస్తే మీకు ఎండ మిట్టమధ్యాహ్నం రెండు మూడు గంటల సేపే దొరుకుతుంది. ఎండ కోరే కూరగాయలన్నీ సంచుల్లో పెట్టమన్నది అందుకు కూడా, అవసరమైతే వాటిని మీ ఇంటి పైకి మోసుకెళ్లొచ్చు. జామ కాపు మాత్రం అప్పుడు తగ్గుతుంది.

ట్యాంకు పక్క ప్రహరీకి మూడంగుళాల ఎడంగా, గోడ తడవకుండా, ఇనుప జాలీ ఒకటి బిగించుకుంటే సంచుల్లోంచి తీగలు దాని మీదికి ఎక్కుతాయి. వానల్లో కాకర, బీర. ఆగస్టులో పెట్టిన చిక్కుడు పగలు పొట్టివయ్యేదాకా ఆకే వేస్తుంది, నవంబరులో ఒక్కసారిగా పూస్తుంది. పేనుబంక పట్టిన కొసలను తుంచి పారేస్తూ ఉంటే సంక్రాంతి కూరకూ, రథసప్తమి నాడు రథం కట్టడానికీ కాయలు, పరమాన్నం పెట్టడానికి ఆకులు మీ గోడ మీదే దొరుకుతాయి. ఏడాది పొడవునా తోటకూర, గోంగూర, బచ్చలి రెండేసి సంచుల్లో తిప్పుకుంటూ రండి. గోడకు వేలాడదీసే చిన్న చిన్న ప్లాస్టిక్ కుండీల తోటలు ఫొటోల్లో బాగుంటాయి. గుప్పెడు మట్టి మన ఎండకు గంటలో పిండిలా ఎండిపోతుంది, రోజుకు రెండు పూటలా నీళ్లు పోసే ఓపిక ఎవరికీ ఉండదు.

కుండీల కింద పళ్లేలు పెట్టకండి, పెడితే వారానికోసారి తప్పనిసరిగా వంపేయండి. దోమ గుడ్డు నుంచి పైకి లేవడానికి ఆ మాత్రం వ్యవధి చాలు. బట్టల తీగ ఇంటి గోడ వైపే, పందిరి లేని ఉత్తరపు సగంలో కట్టుకోండి.

పని వరస కూడా చెబుతాను. తవ్వకం, బండలు, పందిరి ఏప్రిల్, మే నెలల్లో ముగించండి. నాట్లు మృగశిర వానలు పడ్డాకే. మొక్కలకు కడియం నర్సరీలకు వెళ్దామనుకుంటున్నామన్నారు, మంచిదే, కానీ పూలతో, కాయలతో నిండుగా ఉన్న పెద్ద మొక్కను చూసి మురిసిపోకండి. సంచి అడుగున వేళ్లు చుట్టలు చుట్టుకుని బయటికి వచ్చేసినదాన్ని పక్కన పెట్టండి. మోకాలెత్తు ఉండి, అంటు కట్టిన చోటు గట్టిగా అతుక్కున్న జామ మొక్క చాలు. తెచ్చాక వారం పది రోజులు ఇంటి నీడలో ఉంచి, ఆ తర్వాత ఒక సాయంత్రం పూట నాటండి.

అన్నిటికంటే ముందు ఈ ఆదివారం ఒక టేపు పట్టుకుని, ట్యాంకు మూతలు ప్రహరీ నుంచీ ఇంటి గోడ నుంచీ ఎన్ని అడుగుల్లో ఉన్నాయో, గాలి గొట్టం ఎక్కడుందో, వంటింటి మురుగు పైపు ఏ వైపుగా వెళ్తోందో కొలిచి కాగితం మీద గీసి రాయండి. వంటింటి తలుపు దక్షిణపు గోడకు ఎంత దూరమో కూడా రాయండి. ఆ కొలతలు తెలిస్తే పందిరి గుంజలు ఎక్కడ పాతాలో అడుగు తేడా లేకుండా చెబుతాను.